నింద కాదు, నిదానం

చరకసంహిత సూత్రస్థానంలో ‘అష్టౌనిందితీయం’ అనే అధ్యాయం ఒకటి ఉన్నది. మిక్కిలి పొడవైనవారు, మిక్కిలి పొట్టివారు, ఒడలినిండా రోమాలు గలవారు, రోమాలు బొత్తిగా లేనివారు, మిక్కిలి నల్లనివారు, మిక్కిలి తెల్లనివారు, మిక్కిలి లావైనవారు, మిక్కిలి బక్కపలుచనివారు అనే ఎనిమిది విధాలవారు లోకంలో నిందకు గురి అవుతారని ఆ అధ్యాయం చెబుతుంది. అయితే ఆ గ్రంథం నింద దగ్గరే ఆగిపోలేదు. స్థూలకాయం ఎందుకు వస్తుందో వెంటనే వివరించింది. అతిగా తినడం, తీపి పదార్థాలు, జిడ్డు పదార్థాలు ఎక్కువగా తీసుకోవడం, వ్యాయామం లేకపోవడం, పగటినిద్ర మొదలైన కారణాలతోపాటు ‘బీజస్వభావం’ అనే కారణాన్ని కూడా పేర్కొన్నది. అంటే తల్లిదండ్రుల నుండి పుట్టుకతో సంక్రమించే లక్షణం అని అర్థం. మనిషి బరువులో అతని చేతిలో లేని అంశం కూడా కొంత ఉంటుందని ప్రాచీన వైద్యులు గుర్తించారు.

దురదృష్టవశాత్తు లోకం ఆ అధ్యాయం పేరులోని నిందను నిలుపుకొని, లోపల ఉన్న వివేకాన్ని విడిచిపెట్టింది. నేటికీ పదహారేళ్ల ఆడపిల్ల కొంచెం బరువు పెరిగితే ఇంటా బయటా ముందుగా వినిపించేది నిందే. తిండి ఎక్కువైందని కొందరు, ఒళ్లు వంచి పని చేయదని మరికొందరు తీర్పు చెబుతారు. ఆమె బరువు ఎప్పటి నుండి పెరుగుతున్నది, ఎందుకు పెరుగుతున్నది, దానితోపాటు దేహంలో మరే మార్పులు వస్తున్నాయి అని అడిగేవారు అరుదు. ఆయుర్వేదంలో రోగకారణాన్ని తెలుసుకోవడాన్ని ‘నిదానం’ అంటారు. తెలుగువారి వాడుకలో అదే మాటకు తొందరపాటు లేకపోవడం, ఓర్పు అనే అర్థం స్థిరపడింది. కౌమారదశలో ఉన్న ఆడపిల్లల ఆరోగ్యం విషయంలో ఈ రెండు అర్థాల నిదానమూ నేడు అవసరం.

హైదరాబాదు పాతబస్తీలో పురానాపూల్‌కు సమీపంలో ఉన్న ధూల్‌పేట్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఉత్తర హిందూస్థానం నుండి వచ్చి స్థిరపడిన లోధ్ కుటుంబాలు అక్కడ అధికం. వినాయక చవితికి నెలల ముందు నుండే అక్కడి గల్లీలలో విగ్రహాలు రూపుదిద్దుకుంటాయి. శ్రావణ పౌర్ణమికి రాఖీలు, సంక్రాంతికి పతంగులు సిద్ధమవుతాయి. నగరం జరుపుకొనే పండుగల శోభలో కొంత భాగం ఆ ఇరుకు ఇళ్లలో తయారైనదే. అయినప్పటికీ ఆ పేటకు చాలాకాలం గుడుంబా వల్ల వచ్చిన చెడ్డపేరే ప్రచారంలో ఉండేది. 2015-16 ప్రాంతంలో తెలంగాణ ప్రభుత్వం గుడుంబా నిర్మూలనకు పూనుకున్నప్పుడు దాడులు మాత్రమే సరిపోలేదు. ఆ వృత్తిని విడిచినవారికి వేరే బతుకుతెరువు చూపవలసిన అవసరం కూడా ఏర్పడింది. కారణాన్ని వదిలి మనిషిని నిందిస్తే సమస్య తీరదని ఆ అనుభవం తెలిపింది. ఒక పేట విషయంలో నిజమైన ఈ మాట ఒక ఆడపిల్ల దేహం విషయంలోనూ నిజమే.

అటువంటి పేటలో ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక బాలికను ఊహించుకుందాం. ఉదయం హడావిడిలో ఆమె ఫలహారం ఒక కప్పు చాయ్, నాలుగు బిస్కెట్లు. కళాశాలలో ఆరేడు గంటలు బల్ల మీద కూర్చోవాలి. మధ్యాహ్నం ఆకలికి రెండు సమోసాలు, చేతిలో డబ్బులు ఉంటే ఒక శీతలపానీయం. సాయంత్రం ట్యూషన్. ఇంటికి వచ్చిన తరువాత రాఖీలకు పూసలు అంటించడమో, పతంగులకు పుల్లలు అతికించడమో ఉంటుంది. అదీ కూర్చుని చేసే పనే. రాత్రి పది దాటిన తరువాత భోజనం. పళ్లెంలో అన్నం ఎక్కువ, కూర తక్కువ. ఆపైన పరీక్షల భయంతోనో, చేతిలోని ఫోన్‌తోనో అర్ధరాత్రి వరకు మేలుకొని ఉంటుంది. గల్లీలో ఆమె ఆట పదేళ్ల వయసులోనే ఆగిపోయింది. తమ్ముడు ఇప్పటికీ క్రికెట్ ఆడుతాడు. ఆమెకు మాత్రం ‘పెద్దదానివయ్యావు’ అనే ఒక్క మాటతో వీధి తలుపు మూసుకుపోయింది.

రెండేళ్లలో ఆమె పది, పన్నెండు కిలోలు బరువు పెరిగింది. నెలనెలా రావలసిన బహిష్టు రెండు మూడు నెలలకొకసారి వస్తున్నది. ముఖాన మొటిమలు, గడ్డం కింద బిరుసు రోమాలు కనిపించాయి. మెడ వెనుక చర్మం నల్లబడి దళసరి అయింది. మురికి అనుకొని తల్లి శనగపిండి పెట్టి రుద్దింది. రుద్దినకొద్దీ మంట పుట్టిందే తప్ప నలుపు పోలేదు. ఆ నాటి నుండి ఆ బాలిక ఎండాకాలంలో కూడా చున్నీని మెడచుట్టూ కప్పుకొని కళాశాలకు వెళుతున్నది. ఇరుగుపొరుగువారు మాత్రం “గింత లావైతే రేపు సంబంధాలెట్ల వస్తయి?” అని ఒకసారి, “పెండ్లయితే అన్నీ సర్దుకుంటయి” అని మరొకసారి అంటారు. రెండు మాటల్లోనూ పెళ్లి ఉన్నది గాని పిల్ల లేదు.

ఆమె దేహంలో జరుగుతున్నది ఏమిటి? మనిషి తిన్న ఆహారంలోని చక్కెరను కణాలలోకి పంపేది క్లోమగ్రంథి స్రవించే ఇన్సులిన్ అనే హార్మోను. దేహంలో, ముఖ్యంగా పొట్టచుట్టూ కొవ్వు పేరుకున్నకొద్దీ కణాలు ఇన్సులిన్ మాటను సరిగా వినవు. దీనినే ఇన్సులిన్ నిరోధకత అంటారు. కణాలు వినకపోతే క్లోమం మరింత ఇన్సులిన్‌ను స్రవిస్తుంది. అలా అధికమైన ఇన్సులిన్ అండాశయాలను ప్రేరేపించి, స్త్రీదేహంలో స్వల్పంగా ఉండవలసిన పురుష హార్మోన్లను ఎక్కువగా తయారుచేయిస్తుంది. ఆ హార్మోన్లను బంధించి ఉంచే ఒక మాంసకృత్తిని కాలేయం తయారుచేస్తుంది. ఇన్సులిన్ పెరిగినప్పుడు అదీ తగ్గిపోతుంది. ఫలితంగా అండాలు పూర్తిగా పక్వం కావు. నెలసరి క్రమం తప్పుతుంది. ముఖం మీద రోమాలు, మొటిమలు వస్తాయి. మెడ వెనుక నలుపు కూడా చాలాసార్లు ఇన్సులిన్ పెరిగినందుకు గుర్తే గాని మురికి కాదు. పురుష హార్మోన్లు పొట్టచుట్టూ కొవ్వును మరింత పెంచుతాయి. ఆ కొవ్వు మళ్లీ ఇన్సులిన్‌ను పెంచుతుంది. ఇది గానుగెద్దు తిరిగే దారి వంటిది. ఒకసారి అందులో పడినవారికి బయటపడడం వారి ఇష్టం మీద మాత్రమే ఆధారపడి ఉండదు.

ఈ స్థితికి వైద్యులు పెట్టిన పేరు పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్. వాడుకలో పి.సి.ఓ.ఎస్. అంటారు. 1935లో అమెరికాలోని చికాగోకు చెందిన స్టైన్, లెవెంతాల్ అనే ఇద్దరు వైద్యులు దీనిని వివరించారు. దీనిని గుర్తించే ప్రమాణాలు 2003లో రోటర్‌డామ్ నగరంలో జరిగిన నిపుణుల సమావేశంలో ఏర్పడ్డాయి. ప్రసవయోగ్యమైన వయసులో ఉన్న ప్రతి వందమంది స్త్రీలలో పదిమందికి అటూఇటూగా ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అధికసంఖ్యాకులకు తమకు ఈ స్థితి ఉన్నదని తెలియనే తెలియదు. లావుగా ఉన్నవారికే ఇది వస్తుందనుకోవడం కూడా పొరపాటే. సన్నని దేహం గలవారిలోనూ కనిపిస్తుంది. వంశపారంపర్యంగా వచ్చే స్వభావం ఒకవైపు, జీవన విధానం మరొకవైపు కలిసి దీనికి దారితీస్తాయి.

ఇది దూరదేశపు సమస్య కాదు. అనంతపురం జిల్లాలోని ఒక ఆశ్రమ కళాశాలలో 15 నుండి 18 ఏళ్ల వయసు గల 460 మంది బాలికలను పరిశీలించి, ఆ ఫలితాలను పరిశోధకులు 2011లో ప్రకటించారు. రోటర్‌డామ్ ప్రమాణాల ప్రకారం వారిలో 9.13 శాతం మందిలో, అంటే 42 మంది బాలికలలో పి.సి.ఓ.ఎస్. ఉన్నట్లు తేలింది. ఆ తరువాతి కాలంలో కౌమారదశకు ప్రత్యేకంగా మరింత కఠినమైన ప్రమాణాలు వచ్చాయి. వాటితో లెక్కిస్తే ఈ సంఖ్య తగ్గవచ్చు. అయినా ఇంటర్మీడియట్ తరగతి గదిలో కూర్చున్న పిల్లలలో కొందరు ఈ బాధను మౌనంగా మోస్తున్నారన్న సత్యం మాత్రం మారదు.

ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక ఆశ్రమ కళాశాలలో జరిగిన మరొక పరిశోధన ఇంకా ఆలోచింపజేస్తుంది. పి.సి.ఓ.ఎస్. గల 90 మంది బాలికలను రెండు బృందాలుగా చేసి, 12 వారాలపాటు రోజుకొక గంట ఒక బృందం చేత యోగసాధన, మరొక బృందం చేత సాధారణ వ్యాయామం చేయించారు. యోగసాధన చేసిన బృందంలో పురుష హార్మోను మొదలైనవాటి స్థాయిలు ఎక్కువగా మెరుగుపడ్డాయి. బరువులో మాత్రం రెండు బృందాల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. దీనిని బట్టి తెలిసేది ఏమిటంటే, త్రాసు మీది ముల్లు కదలకపోయినా లోపలి ఆరోగ్యం మెరుగుపడవచ్చు. ఆడపిల్ల ఆరోగ్యాన్ని ఆమె బరువుతో మాత్రమే కొలిచేవారు ఈ సంగతిని గమనించాలి.

ఇక్కడొక ప్రశ్న పుడుతుంది. కౌమారంలో కనిపించే ఈ బరువుకు మూలం కౌమారంలోనే ఉన్నదా? పరిశోధనలు అంతకంటే వెనుకకు తీసుకుపోతున్నాయి. పుణె సమీపంలోని గ్రామాలలో పుట్టిన శిశువులను ఇంగ్లండులో పుట్టిన శిశువులతో పోల్చి చూశారు. భారతీయ శిశువులు బరువు తక్కువగా పుట్టినా, వారి దేహంలో కండ తక్కువ, కొవ్వు పాలు ఎక్కువ అని తేలింది. చూడడానికి బక్కగా ఉన్న బిడ్డలోనే కొవ్వు దాగి ఉన్నదన్నమాట. 1969-72 మధ్య ఢిల్లీలో పుట్టిన పిల్లలను పెద్దయ్యేవరకు గమనించిన మరొక పరిశోధన 2004లో వెలువడింది. రెండేళ్ల వయసులో సన్నగా ఉండి, ఆ తరువాత పన్నెండేళ్లలోపు త్వరగా బరువు పుంజుకున్నవారికి మధుమేహం ఎక్కువగా వచ్చినట్లు అది వెల్లడించింది. 1966లో ఉత్తర ఫిన్లండ్‌లో పుట్టిన ఆడపిల్లలను గమనించినవారు, కౌమారంలో పెరిగి అలాగే నిలిచిపోయిన బరువుకూ పి.సి.ఓ.ఎస్. లక్షణాలకూ సంబంధం ఉన్నదని గుర్తించారు. తల్లి గర్భంలో పడిన పోషకాహార లోపమూ, బాల్యంలో వేగంగా పెరిగిన బరువూ పదహారేళ్లకు ఫలితాన్ని చూపుతాయి. అటువంటప్పుడు పదహారేళ్ల పిల్లను దోషిగా నిలబెట్టడం ఎంతవరకు న్యాయం?

ఈ విషయంలో హైదరాబాదు సమీప గ్రామాలే ఒక ఆశాజనకమైన పాఠం చెప్పాయి. 1987-90 మధ్య ఆ ప్రాంతంలోని కొన్ని గ్రామాలలో అంగన్‌వాడీల ద్వారా గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనపు ఆహారం అందింది. మరికొన్ని పొరుగు గ్రామాలలో అప్పటికి ఆ పథకం మొదలుకాలేదు. ఆ కాలంలో పుట్టిన పిల్లలు 13 నుండి 18 ఏళ్ల వయసుకు వచ్చిన తరువాత, 2003-05లో పరిశోధకులు రెండు రకాల గ్రామాలకూ తిరిగి వెళ్లి వెయ్యిమందికి పైగా పిల్లలను పరీక్షించారు. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువగా ఉన్నారు. అంతకంటే ముఖ్యంగా వారిలో ఇన్సులిన్ నిరోధకత సుమారు 20 శాతం తక్కువగా ఉన్నది. అమ్మ కడుపులో ఉన్నప్పుడు అందిన పిడికెడు మంచి ఆహారం పదిహేనేళ్ల తరువాత కూడా బిడ్డ దేహంలో మేలు చేసింది. కౌమార బాలికల హార్మోన్ల గురించి మాట్లాడేవారు అంగన్‌వాడీ గురించి మాట్లాడకుండా ఉండలేరని ఇందువల్ల తెలుస్తుంది.

పోషకాహార పరిశోధనకు హైదరాబాదు దేశంలోనే ప్రధాన కేంద్రం. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనశాలగా ఆరంభమైన సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్నది. ఆ సంస్థ మొదటి దశాబ్దాలలో పోరాడింది ఆకలితోను, పోషకాహార లోపంతోను. నేడు అదే నేల మీద లోపమూ, అధికమూ పక్కపక్కనే కాపురం చేస్తున్నాయి. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని స్త్రీలలో 24 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. తెలంగాణలో అది 30 శాతం. అదే సర్వే ప్రకారం 15 నుండి 19 ఏళ్ల వయసు గల భారతీయ బాలికలలో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అంటే బరువు పెరిగిన పిల్లలోనే ఇనుము కొరత ఉండవచ్చు. ఆమె ఎక్కువ తినడం లేదు. తినవలసినవి తినడం లేదు.

తినవలసినవి ఎందుకు తినడం లేదన్న ప్రశ్నకు జవాబు పిల్లల నోటిరుచిలో మాత్రమే లేదు. పది రూపాయలకు దొరికే చిప్స్ పొట్లం వీధి మలుపులోనే ఉన్నది. అదే పది రూపాయలకు పండ్లు కొంటే చేతికి వచ్చేది అరకొరే. మళ్లీమళ్లీ కాగిన నూనెలో వేగిన బజ్జీ కడుపు నింపుతుంది. 300 మిల్లీలీటర్ల శీతలపానీయంలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. 2024లో జాతీయ పోషకాహార సంస్థ వెలువరించిన మార్గదర్శకాలు రోజు మొత్తానికి సూచించిన హద్దు 25 గ్రాములకు మించదు. ఒక్క సీసాతో రోజు హద్దు దాటిపోతుంది. మరొకవైపు తెలంగాణ వంటిళ్లలో పరంపరగా ఉన్న జొన్నరొట్టె, పప్పు, గోంగూర, పాలకూర, పల్లీలు, కోడిగుడ్డు ఖరీదైన వైద్యాలు కావు. వాటిని వండే తీరిక, పెట్టే చేయి, తినే వేళ కావాలి. తల్లి పొద్దంతా కూలికి కూర్చునే ఇంట్లో ఆ తీరిక ఎక్కడిది? అందుకే 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జూనియర్ కళాశాలలలో డొక్కా సీతమ్మ పేరుతో ప్రారంభమైన మధ్యాహ్న భోజనం వంటి పథకాలను కేవలం దానంగా భావించకూడదు. అది ఆరోగ్యానికి పెట్టే పెట్టుబడి.

ఆహారం తరువాత ఆట. ఐదు నుండి పదిహేడేళ్ల వయసు పిల్లలు రోజుకు సగటున గంటసేపు దేహానికి శ్రమ కలిగే ఆటలో గాని, నడకలో గాని గడపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇరుకు గల్లీలలో ఆడపిల్లకు ఆ గంట ఎక్కడ దొరుకుతుంది? మైదానం ఉన్నచోట అది మగపిల్లల ఆక్రమణలో ఉంటుంది. నగరాలలో అనేక జూనియర్ కళాశాలలు బహుళ అంతస్తుల భవనాలలో నడుస్తున్నాయి. అక్కడ మైదానం అనే మాటే లేదు. ప్రవేశ పరీక్షల పేరిట వ్యాయామ పీరియడ్‌ను గణితానికో, భౌతికశాస్త్రానికో ఇచ్చివేయడం సర్వసాధారణమైంది. పిల్లను పదిగంటలు కూర్చోబెట్టిన సమాజమే ఆమెను చూసి ‘కదలదు’ అని నిందించడం విచిత్రమైన న్యాయం.

ఈ నిందకు సాహిత్యం కూడా కొంత బలం చేకూర్చింది. ప్రబంధ కవులు నాయికను వర్ణించేటప్పుడు నడుమును ఉన్నదా లేదా అని సందేహించేటంత సన్నగా చిత్రించారు. అది అతిశయోక్తి అలంకారం. దానిని అలంకారంగా ఆస్వాదించాలి గాని దేహానికి కొలమానం చేసుకోకూడదు. నేటి సినిమాలు, ప్రకటనలు, ఫోన్ తెర మీద మెరుగులు దిద్దిన చిత్రాలు ఆ పాత అతిశయోక్తినే వాస్తవంగా అమ్ముతున్నాయి. వాటిని చూసి ఉపవాసాలతో దేహాన్ని ఎండగట్టుకునే పిల్లలు ఉన్నారు. ఒకపూట మానిన తిండికి మరొకపూట ఆకలి రెట్టింపవుతుంది. నెలలో పది కిలోలు తగ్గిస్తామనే ప్రకటనల వెనుక ఉన్నది వ్యాపారం. ఆరోగ్యం నెమ్మదిగా వస్తుంది. పి.సి.ఓ.ఎస్.తోపాటు అధిక బరువు గలవారు తమ మొత్తం బరువులో 5 నుండి 10 శాతం తగ్గించుకున్నా నెలసరి చక్కబడే అవకాశం ఉన్నదని వైద్యులు చెబుతున్నారు. 60 కిలోల పిల్లకు అది మూడు నుండి ఆరు కిలోలు మాత్రమే.

కొందరు వేరొక వాదన చేస్తారు. నింద లేకపోతే పిల్లలకు భయం ఉండదు, భయం లేకపోతే మార్పు రాదు అంటారు. ఈ వాదన అనుభవానికి నిలబడదు. సిగ్గుపడిన పిల్ల మైదానానికి రాదు, గదిలోకి వెళుతుంది. నలుగురి మధ్య తినడం మాని, ఎవరూ లేనప్పుడు తింటుంది. నెలసరి తప్పిన సంగతిని తల్లికి కూడా చెప్పదు. వైద్యుని దగ్గరకు వెళ్లవలసిన రోజు అలా వాయిదా పడుతుంది. నింద రోగాన్ని తగ్గించదు, దాచిపెడుతుంది.

అటు తిరిగి ప్రతి చిన్న మార్పునూ రోగంగా భావించి బెంబేలుపడడమూ తగదు. రజస్వల అయిన తొలి సంవత్సరంలో నెలసరి క్రమం తప్పడం సహజమే. ఆ తరువాత రెండేళ్లవరకు 45 రోజుల లోపు వచ్చినా ఆందోళన అవసరం లేదు. మూడేళ్లు గడిచిన తరువాత కూడా తరచుగా 35 రోజులు దాటుతున్నా, తొలి సంవత్సరం తరువాత ఎప్పుడైనా 90 రోజులు రాకపోయినా, పదిహేనేళ్లు వచ్చినా అసలు రజస్వల కాకపోయినా వైద్యుని సంప్రదించాలి. థైరాయిడ్ లోపం వల్ల కూడా బరువు పెరగవచ్చు, నెలసరి తప్పవచ్చు. కనుక పరీక్ష లేకుండా పేరు పెట్టకూడదు. కౌమారదశలో ఉన్న బాలికలకు పి.సి.ఓ.ఎస్. నిర్ధారణ కోసం అల్ట్రాసౌండ్ స్కానింగ్ పనికిరాదని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. ఆ వయసులో అండాశయంలో చిన్న చిన్న బుడగలు కనిపించడం సాధారణం. స్కానింగ్ కాగితం చూసి పిల్లకు సంతానం కలగదని విలపించే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి. పి.సి.ఓ.ఎస్. గలవారిలో అనేకులు తల్లులవుతున్నారు.

వైద్యం అందుబాటులో లేదని చెప్పడానికి కూడా వీలులేదు. 2014లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కౌమార ఆరోగ్యం కోసమే ఏర్పడింది. హైదరాబాదులో 2018 నుండి బస్తీ దవాఖానాలు వెలిశాయి. పాతబస్తీవారికి పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రి, ఉస్మానియా ఆసుపత్రి చిరపరిచితాలు. అయితే పదహారేళ్ల పెళ్లికాని పిల్ల ప్రసూతి ఆసుపత్రి మెట్లెక్కితే చూసేవారు ఏమనుకుంటారో అన్న భయం చాలా ఇళ్లలో ఉన్నది. ఆసుపత్రి దూరం కిలోమీటర్లలో లేదు, ఆ చూపులలో ఉన్నది. కళాశాలలోనే ఏడాదికి రెండుమార్లు వైద్యురాలు వచ్చి బాలికలతో ఏకాంతంగా మాట్లాడే ఏర్పాటు ఉంటే ఆ దూరం చాలావరకు తగ్గుతుంది.

ఈ బాధ్యత బాలికలది మాత్రమే కాదు. తరగతిలోని బాలురకు ఇందులో పాలు ఉన్నది. తోటి విద్యార్థినికి లావును బట్టి, ముఖం మీది రోమాలను బట్టి పేరు పెట్టి పిలవడం హాస్యం కాదు. అది ఒక రోగలక్షణాన్ని చూసి నవ్వడం. జ్వరం వచ్చినవాడిని చూసి ఎవరూ నవ్వరు కదా! ఇంట్లో తండ్రి, అన్నదమ్ములు కూడా నెలసరి మాటను గుసగుసలకు పరిమితం చేయకుండా ఉంటే, పిల్ల తన బాధను సకాలంలో చెప్పుకోగలుగుతుంది. అధ్యాపకులు వ్యాయామ పీరియడ్‌ను కాపాడాలి. యాజమాన్యాలు కనీసం మేడమీది ఖాళీస్థలాన్నైనా బాలికల ఆటకు విడిచిపెట్టాలి. తల్లిదండ్రులు కొడుకుకు ఇచ్చిన గంట ఆటను కూతురికీ ఇవ్వాలి. రాత్రి ఎనిమిది గంటల నిద్రను చదువుకు శత్రువుగా కాక తోడుగా భావించాలి.

సంక్రాంతి వచ్చినప్పుడు ధూల్‌పేట్ పతంగులు నగరమంతటా ఎగురుతాయి. ఆ కాగితాన్ని కత్తిరించిన చేతులలో, పుల్లలను వంచి అతికించిన చేతులలో ఆడపిల్లల చేతులు ఎన్నో ఉంటాయి. కాని మేడల మీదికెక్కి, దారం పట్టుకొని, గాలివాటున అటూఇటూ పరుగెత్తేవారిలో ఎక్కువమంది మగపిల్లలే. ఆడపిల్లలకు కూర్చుని చేసే పని మిగులుతున్నది, పరుగెత్తి ఆడే ఆట దక్కడం లేదు. ఏళ్ల తరబడి ఇలా కూర్చోబెట్టిన తరువాత, ఆమె దేహం బరువెక్కినదని లెక్కలు తీయడంలో అర్థం లేదు. పతంగి అతికించిన పిల్ల కూడా మేడ మీదికి వెళ్లి దారం పట్టుకోవాలి. ఆమె ఆరోగ్యానికి జరగవలసిన చికిత్సలో మొదటి భాగం అదే. మిగిలినది వైద్యులు చూసుకుంటారు.